పన్నెండు టన్నులను పట్టి ఉంచడం: ఇంట్లో స్కీల ప్రెస్సు కట్టిన నా అనుభవం

మొదటిసారి ప్రెస్సులో గాలి ఎక్కించిన రోజు నా కళ్ళు మీటరు మీద లేవు, మధ్య దూలం మీద ఆన్చిన ఉక్కు బద్ద మీద ఉన్నాయి. ఒక బార్ (బార్ పీడనానికి కొలత, దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దాటేదాకా ఏ తేడా లేదు. ఒకటిన్నర దగ్గరికి వచ్చేసరికి బద్ద నడిమిన ఆనుకుని, రెండు చివర్లలో కింద సన్నగా వెలుతురు కనిపించింది. దూలం వంగుతోంది. ఫీలర్ గేజ్ (సందుల్ని కొలిచే సన్న రేకులు) దూర్చి చూస్తే 0.7 మిల్లీమీటర్లు. నేను వేసుకున్న లెక్క ప్రకారం ఆ చట్రం 3 బార్ దాకా నిలబడాలి. గాలి వదిలేసి, మొత్తం విప్పదీశాను. రెండు నెలల పని అది.

స్కీ, అంటే మంచు మీద జారడానికి పాదానికి బిగించుకునే పొడుగాటి పట్టీ, పైకి వంపు తిరిగిన పలకలా కనిపిస్తుంది గానీ లోపలంతా పొరలే. అడుగున మంచు మీద జారే పాలీఎథిలీన్ పొర, దాని చుట్టూ సన్నటి ఉక్కు అంచులు, ఆపైన ఫైబర్‌గ్లాస్ బట్ట, నడుమ కొయ్య, మళ్ళీ ఫైబర్‌గ్లాస్, అన్నిటికీ పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఇవన్నీ ఎపాక్సీతో తడిపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు ఉన్న అచ్చు మీద పెట్టి, జిగురు గట్టిపడేదాకా కదలకుండా నొక్కి పట్టాలి. నొక్కుడు చాలకపోతే పొరల మధ్య గాలి మిగులుతుంది, జిగురు ఎక్కువై బరువు పెరుగుతుంది. నొక్కుడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే ఇంకా అన్యాయం: స్కీ అడుగు చదునుగా రాదు. చదును లేని స్కీ మంచు మీద తన దారి తాను చూసుకుంటుంది, మన మాట వినదు.

అందుకే మొదట్లో అనుకున్న సి-క్లాంపుల ఆలోచన వదిలేశాను. క్లాంపు బిగించిన చోటే నొక్కుతుంది, హైడ్రాలిక్ జాకీ కూడా అంతే. వాక్యూమ్ సంచి పద్ధతి ఒకటుంది. 1940ల చివర్లో అమెరికాలో విమానాల ఇంజనీరు హొవర్డ్ హెడ్ అల్యూమినియం, ప్లైవుడ్ పొరల స్కీలను రబ్బరు సంచిలో పెట్టి, గాలి లాగేసి అతికించాడు. మంచి పద్ధతే, కాని సంచిలోంచి ఎంత గాలి లాగినా వాతావరణ పీడనం కన్నా, అంటే ఒక బార్ కన్నా, ఎక్కువ నొక్కలేం. నాకు 3 బార్ కావాలి. కాబట్టి మిగిలింది గాలి గొట్టం. మంటలార్పే సిబ్బంది వాడే చదునైన గొట్టాన్ని రెండు గట్టి దిమ్మల మధ్య పరిచి, చివర్లు మూసి, గాలి నింపితే అది తాకిన ప్రతి చోటా ఒకే ఒత్తిడి. గాలికి పక్షపాతం ఉండదు.

గాలితో పని అనగానే తేలికైన పనిలా తోస్తుంది. లెక్క వేశాక నాకే ఒళ్ళు జలదరించింది. 150 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టం చదునుగా పరిస్తే వెడల్పు 236 మి.మీ. 2 మీటర్ల పొడవు తీసుకున్నాను. ఉబ్బినప్పుడు నిజంగా ఆనే వెడల్పు దాదాపు 197 మి.మీ. 3 బార్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోలు. అన్నీ గుణిస్తే 12 టన్నులు. ఒక స్కీ మీద! పై దిమ్మను పైకి, కింది దిమ్మను కిందికి 12 టన్నుల బలం తోస్తూ ఉంటుంది. అంటే ప్రెస్సులో గాలి చేసే పని చాలా సులువు. కష్టమంతా చట్రానిది. కదలకుండా ఉండటమే దాని పని.

నేను మొదట కట్టింది 40 మి.మీ. చదరపు ఉక్కు గొట్టాలతో ఐదు చట్రాలు. చూడటానికి దిట్టంగానే ఉన్నాయి. తెగవు అన్న ధీమా ఒక్కటే చూసుకున్నాను, వంగుతాయా అని చూసుకోలేదు. అదీ తప్పు. పైగా ఒకటిన్నర బార్ దగ్గరే అంత వంగితే, మూడు దగ్గర ఉక్కు మళ్ళీ తిన్నగా అవలేనంత వంగేది. ఆ రోజు ఆపడం మంచిదైంది.

రెండోసారి 100 మి.మీ. ఎత్తున్న ఐ-దూలాలు (ఇంగ్లీషు I అక్షరం ఆకారపు ఉక్కు దూలాలు) తెచ్చి తొమ్మిది చట్రాలు చేశాను. ఇక్కడ ఒక విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. నా పాత గొట్టంతో పోలిస్తే ఈ ఐ-దూలం బరువు రెండున్నర రెట్లు కూడా లేదు, వంగకుండా ఆగే గుణం మాత్రం పదహారు రెట్లకు పైనే. లోహం ఎంత ఉందన్నదాని కన్నా అది మధ్య గీతకి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. నిలువుగా పెట్టిన బద్ద ఎత్తు రెట్టింపు చేస్తే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుందని పుస్తకాల్లో చదివిన మాటే, కాని రెండు నెలల పని పోగొట్టుకున్నాక గానీ చేతికి తెలియలేదు.

ఒక్కో చట్రం అంటే పైన ఒక దూలం, కింద ఒక దూలం, రెండు పక్కలా వాటిని కలిపే 16 మి.మీ. మర చుట్లున్న కడ్డీలు, చట్రానికి నాలుగు. ఇలా ఒక్కొక్కటీ మూసిన ఉంగరం అవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది ‘12 టన్నులకి నేల కుంగదా’ అని అడిగారు. కుంగదు. ఆ బలం ఉంగరంలోనే తిరుగుతుంది: పై దూలం నుంచి కడ్డీల్లోకి, కడ్డీల నుంచి కింది దూలంలోకి, మళ్ళీ గొట్టంలోకి. నేల మోసేది ప్రెస్సు సొంత బరువే. ఉంగరాలు తొమ్మిది కాబట్టి ఒక్కోదాని వాటా 1.3 టన్నులు. పొడుగాటి దూలాలు రెండు పెట్టి నాలుగు మూలలా బిగించే నమూనాలు కూడా ఉన్నాయి. వాటిలో దూలం 2 మీటర్ల పొడవునా వంగడానికి చూస్తుంది. నా ఉంగరాల్లో వంగడానికి ఉన్నది 40 సెంటీమీటర్లే.

కడ్డీలు దూలం రెక్కల్లోంచి (I ఆకారంలో పైనా కిందా ఉండే అడ్డ భాగాలు) పోతాయి కదా, బిగిస్తే ఆ రెక్కలు వంగే ప్రమాదం ఉంది. బెజ్జాల పక్కనే రెక్కకీ రెక్కకీ మధ్య చిన్న ఉక్కు పలకలు నిలబెట్టి వెల్డింగు చేశాను. మొత్తం 36 పలకలు. విసుగు పుట్టించే పని, కాని ఆ పలకల్ని ఎవరూ మానెయ్యకూడదనే అంటాను. తర్వాత తొమ్మిది దూలాల మీదా దారం లాగి, రసమట్టం పెట్టి, తక్కువైన చోట సన్న రేకులు దూర్చి, ఒకే మట్టానికి తెచ్చాను. దీనికి రెండు రోజులు పట్టింది.

గాలి గొట్టం చివర్ల సంగతి మా బాబాయి వల్ల తెలిసింది. ఆయన బాయిలర్ల మరమ్మతు పనిలో ఉండి రిటైరయ్యారు. నేను తిన్నగా గాలితోనే పరీక్ష పెట్టానని తెలిసి మందలించారు.

“ఒరేయ్, గాలితో పరీక్షేమిట్రా? ముందు నీళ్ళతో చెయ్యాలి.”

“మూడు బారే కదా బాబాయ్.”

“మూడైనా గాలి గాలే. నీళ్ళ గొట్టం పగిలితే కారుతుంది. గాలి గొట్టం పగిలితే విసిరికొడుతుంది.”

ఆయన మాట నిజం. నా గొట్టంలో పట్టేది సుమారు 11 లీటర్లు. అంత గాలిని 3 బార్ దాకా నొక్కిపెడితే అందులో దాగే శక్తి, పది కిలోల బరువు ఇరవై మీటర్ల ఎత్తు నుంచి పడినంత. నీళ్ళు దాదాపు నొక్కుకోవు కాబట్టి వాటిలో ఆ శక్తి దాగదు. చేతి పంపుతో నీళ్ళు నింపి 4.5 బార్ దాకా, అంటే పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, ఎక్కించాం. 4 దాటగానే ఒక చివర బిగింపు పలకల మధ్య నుంచి గొట్టం నాలుగు మిల్లీమీటర్లు జారింది, సన్నగా నీళ్ళు చిమ్మాయి. అదే గాలి అయితే ఏమయ్యేదో నాకు తెలుసు: చట్రం బయట గుండ్రంగా ఉబ్బిన గొట్టాన్ని 3 బార్ దగ్గర అర టన్ను పైగా బలం చివరికి తోస్తుంది. ఆ పలక గదిలో ఏ మూలకి ఎగిరేదో.

బాబాయి చెప్పిన మార్పు చాలా సులువు. గొట్టం చివరను ఒక 8 మి.మీ. ఇనప కడ్డీ చుట్టూ వెనక్కి మడిచి, ఆ మడతకి లోపలి వైపున పలకలు బిగించాలి. అప్పుడు గొట్టం జారాలంటే మడతలో ఉన్న కడ్డీ పలకల సందులోంచి దూరి రావాలి. రాదు. పట్టుకోవడం పలకల ఒరిపిడి మీద కాక ఆకారం మీద ఆధారపడుతుంది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ 4.5 బార్, ఒక రాత్రంతా. మీటరు ముల్లు దిగలేదు. ఆ తర్వాత గాలి దారిలో రెగ్యులేటరు, దాని తర్వాత 3.5 బార్ దగ్గర తనంతట తానే తెరుచుకునే భద్రతా వాల్వు పెట్టాను. ఆ వాల్వు ఎందుకో వేడి పెట్టిన రోజు అర్థమైంది, అది తర్వాత చెబుతాను.

ఇప్పుడు చట్రం వంగడం లేదు. 3 బార్ దగ్గర 0.05 మి.మీ. రేకు కూడా దూరలేదు. ఇక ఒత్తిడి అన్ని చోట్లా పడుతోందా అని చూడాలి. దీనికి నేను ఎంచుకున్నది మామూలు కార్బన్ కాగితం. అచ్చు మీద తెల్ల కాగితం, దాని మీద కార్బన్ కాగితం, ఆపైన గరుకు గుడ్డ పరిచి గాలి ఎక్కించి దించాను. కాగితం మీద గరుకు గుర్తులు మధ్యలో నల్లగా, ముక్కు వైపు అంచుల్లో వెలిసిపోయినట్టు పడ్డాయి. కారణం వెతికితే, గొట్టం ఉబ్బే చోట పై దిమ్మకీ అచ్చుకీ మధ్య నేను వదిలిన ఎడం, అంటే ఖాళీ. ఎడం పెరిగేకొద్దీ గొట్టం పక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆనే వెడల్పు తగ్గుతుంది. ఎడాన్ని ఒకటిన్నరతో, కచ్చితంగా అయితే π (పై) విలువలో సగంతో, గుణించి చదును వెడల్పులోంచి తీసేస్తే మిగిలేది ఆనే వెడల్పు. ముక్కు దగ్గర ఎడం 60 మి.మీ. ఉంది. అక్కడ ఆనేది 142 మి.మీ. మాత్రమే. స్కీ ముక్కు వెడల్పు 135. అంచుల దగ్గర పట్టు ఏం మిగులుతుంది? పై దిమ్మను అచ్చు వంపుకి సరిపోయేలా ఎం.డి.ఎఫ్. (కొయ్య నారను జిగురుతో నొక్కి చేసేవి) పలకలతో మళ్ళీ కోసి, పొడవునా ఎడం 25 మి.మీ.కి తెచ్చాను. రెండో కాగితం ఒకే రంగులో వచ్చింది. ఆ కాగితాన్ని గోడకి అంటించుకున్నాను.

గొట్టం నేరుగా స్కీ మీద పడితే మెత్తగా ఉండి అంచుల మీదుగా కిందికి వాలుతుంది. స్కీ అంచులు పల్చబడి నడుము ఉబ్బుతుంది. మధ్యలో ఒక పరుపు కావాలి: అడ్డంగా అసలు వంగకూడదు, పొడవునా మాత్రం ముక్కు వంపుని అనుసరించాలి. 12 మి.మీ. చదరపు అల్యూమినియం కడ్డీలను 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండేసి బెజ్జాలు వేసి, ఉక్కు తీగ మీద పూసల్లా గుచ్చాను. ట్యాంకు చక్రాల మీద గొలుసు పట్టాలా ఉంటుంది. ముక్కలు 150, బెజ్జాలు 300. బెజ్జాలన్నీ ఒకే చోట పడటానికి చెక్కతో ఒక గాడి చేసుకుని అందులో పెట్టి తొలిచాను. మొత్తం ప్రెస్సులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. చేతిలోకి తీసుకుంటే ఒక వైపు గుడ్డలా జారుతుంది, ఇంకో వైపు రాయిలా ఉంటుంది.

అచ్చు గురించి ఎక్కువ చెప్పను. ఎం.డి.ఎఫ్. పలకలు పక్కపక్కన అతికించి, ఒక నమూనా పలక వెంబడి రూటరు (కొయ్యని తొలిచే యంత్రం) నడిపాను. నడుము దగ్గర 10 మి.మీ. వంపు పెట్టాను, స్కీలో నాకు కావాల్సింది 8. ప్రెస్సులోంచి బయటికి వచ్చాక స్కీ కొంత వెనక్కి తిరుగుతుంది కాబట్టి అచ్చులో ఎక్కువ ఇవ్వాలి.

మొదటి స్కీ పాడైంది. కొయ్య బాగానే చేసుకున్నాను: యాష్, పాప్లర్ బద్దలు నిలువుగా అతికించి, నడుమ 11 మి.మీ., చివరలకి 2 మి.మీ. అయ్యేలా చిత్రిక పట్టాను. ఉక్కు అంచుల మీద పల్చటి రబ్బరు పట్టీ వేశాను, ఉక్కుకీ ఫైబర్‌గ్లాస్‌కీ సాగే తీరులో తేడా ఉంటుంది కాబట్టి. చదరపు మీటరుకి 750 గ్రాముల బట్ట, మూడు దిశల అల్లిక. అన్నీ పేర్చి, పరుపు వేసి, ఒక్క విసురున 3 బార్ ఎక్కించాను. అక్కడే చెడింది. తడి ఎపాక్సీ గట్టిపడేదాకా జిగురు కాదు, నూనె. పొరలన్నీ దాని మీద తేలుతుంటాయి. మర్నాడు తీసి చూస్తే కొయ్య మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంది. ఒక పక్క అంచు కొయ్య కిందికి పోయింది, ఇంకో పక్క ఎపాక్సీ ముద్ద.

చాలా బాధ వేసింది. కాని పారేయలేదు. రంపంతో అడ్డంగా తొమ్మిది ముక్కలు చేశాను, ఒక్కో ఉంగరం కింద ఉన్న చోట ఒక్కో ముక్క. కోసిన ముఖాన్ని తడి గరుకు కాగితంతో రుద్ది భూతద్దం కింద చూశాను. ఫైబర్‌గ్లాస్ పొర మందం తొమ్మిదింటిలోనూ ఒకటే. గాలి బుడగలు తోక దగ్గర రెండు ముక్కల్లో తప్ప లేవు, అవి కూడా నేను ఎపాక్సీ సరిగ్గా పట్టించని చోటే. అంటే ప్రెస్సు తన పని తాను చేసింది. నిజం చెప్పాలంటే ఆ పాడైన స్కీ నాకిచ్చిన ధైర్యం మంచి స్కీ కూడా ఇవ్వలేదు.

తర్వాతి దానికి ముక్కు దగ్గర, తోక దగ్గర, స్కీ అసలు కొలతకి బయట పడేలా చిన్న చెక్క మేకులు దిగ్గొట్టాను, కొయ్య జరగకుండా. గాలి కూడా మెల్లగా: అర బార్ దగ్గర ఐదు నిమిషాలు, ఒకటి దగ్గర ఐదు, అలా మూడుకి. పక్కల నుంచి ఎపాక్సీ సన్నటి అంచులా సమంగా బయటికి వస్తుంది. అది ఎక్కడైనా రాలేదంటే అక్కడ ఏదో తేడా ఉందన్నమాట.

ఈసారి వేడి కూడా పెట్టాను. సిలికాన్ హీటరు దుప్పట్లు రెండు, ఒకటి స్కీ కింద, ఒకటి పైన, వేడి సమంగా పాకడానికి అల్యూమినియం రేకుల మీద. గొట్టానికి వేడి తగలకుండా మధ్యలో ఒక అడ్డు పొర. రెండు వైపులా ఎందుకంటే, పాలీఎథిలీన్ వేడికి ఉక్కు కన్నా పది రెట్లకు పైగా సాగుతుంది. 1.8 మీటర్ల పొడవుకి 50 డిగ్రీలు పెరిగితే ఉక్కు అంచు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అడుగు పొర 13 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. ఒక్క వైపే వేడి పెట్టి ఈ గొడవని ఇంకా పెంచకూడదు. 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. మధ్యలో మీటరు చూస్తే, నేను ముట్టుకోకుండానే, 3.2 దాటింది. లోపలి గాలి వేడెక్కి పీడనం పెరిగింది. భద్రతా వాల్వు లేకపోతే ఆ ముల్లు వైపు చూస్తూ గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది.

హీటర్లు ఆపాక వెంటనే గాలి తీయకూడదు. వేడిగా ఉన్న ఎపాక్సీ ఇంకా మెత్తగానే ఉంటుంది, వదిలితే వంపు పోతుంది. 40 డిగ్రీల లోపుకి చల్లారేదాకా ఒత్తిడి అలాగే ఉంచాను. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఊరికే కూర్చోలేక గది ఊడ్చాను, మళ్ళీ ఊడ్చాను.

అడుగు మీద ఉక్కు బద్ద అడ్డంగా ఆన్చి, వెనక దీపం పెట్టి, ముక్కు నుంచి తోక దాకా జరుపుకుంటూ పోయాను. వెలుతురు రాలేదు. వారం తర్వాత రెండో కాలిది కూడా అదే అచ్చు మీద, అదే వేడితో దించాను. రెండిటినీ అడుగులు ఎదురెదురుగా పెట్టి పట్టుకుంటే ముక్కు, తోక తాకి, నడుమ ఎడం ఉండాలి. ఒక్కో దాని వంపు 8 మి.మీ., జత మధ్య ఎడం 16కి ఒక అర మిల్లీమీటరు తక్కువ. బాబాయి చేతికిచ్చాను. బొటనవేలితో, చూపుడువేలితో నడుము దగ్గర నొక్కి, ఎడం మూసుకునేదాకా చూసి, మళ్ళీ నొక్కారు.

ఇవి నా బరువుకి కాస్త గట్టిగా ఉన్నాయి. గట్టిదనం మందం ఘనంతో పెరిగేది కాబట్టి ఎక్కువ తీయక్కర్లేదు. రెండో జత కొయ్యను నడుమ 10.5 మి.మీ.కి చిత్రిక పట్టి, ఎండనిచ్చాను.